వేలిముద్రల్లో తెలివి రాసి ఉంటుందా?

మనసు సంగతులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే సంగతి అడిగాయి. సైకాలజీ పేరు చెప్పి మన పిల్లల దగ్గరికి, మన ఇళ్ళలోకి వస్తున్నవాటిలో ఏది నిజమైన పరిశోధన, ఏది కాదు, ఎలా తెలుసుకోవడం అని. డిగ్రీ పిల్లలకు సైకాలజీ చెబుతూ తల నెరిసినదాన్ని కాబట్టి ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయాలే ఉన్నాయి. మిగతా ఉత్తరాలను వచ్చే నెలకు ఉంచి, ఈసారి వీటికే జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మా అబ్బాయి ఏడో తరగతి. వాళ్ళ స్కూల్లో డీఎంఐటీ అని వేలిముద్రల పరీక్ష పెట్టారు. పది వేళ్ళూ స్కాన్ చేసి, రంగురంగుల బొమ్మలతో పెద్ద రిపోర్టు ఇచ్చారు. నాలుగున్నర వేలు తీసుకున్నారు. లెక్కల తెలివి తక్కువ, సంగీతం వైపు మొగ్గు ఎక్కువ, ఎంపీసీ మంచిది కాదు అని అందులో ఉంది. మావాడికి మొన్నటిదాకా లెక్కలంటే ప్రాణం. ఇప్పుడు ‘నాకు లెక్కలు రావంట కదమ్మా’ అంటూ పుస్తకం మూసేస్తున్నాడు. ఏం చెయ్యమంటారు? – ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, ముందు బాబును పక్కన కూర్చోబెట్టుకుని ‘ఆ రిపోర్టులో రాసింది తప్పురా, వేళ్ళు చూసి లెక్కల సంగతి ఎవరూ చెప్పలేరు’ అని స్పష్టంగా చెప్పండి. ఇది ఇవాళే చెయ్యండి. మిగతాది ఆ తర్వాత చదువుకోవచ్చు.

డీఎంఐటీ వాళ్ళు చెప్పేది వినడానికి శాస్త్రంలాగే ఉంటుంది. కడుపులో బిడ్డకు వేలిముద్రల గీతలు మూడో నెల నుంచి ఏర్పడతాయి, అప్పుడే మెదడు కూడా ఎదుగుతుంటుంది, కాబట్టి ఒక్కో వేలు మెదడులోని ఒక్కో భాగానికి అద్దం పడుతుంది అంటారు. మొదటి రెండు మాటలు నిజం. మూడోది వాళ్ళు కలుపుకున్నది. ఒకే కాలంలో ఏర్పడినంత మాత్రాన ఒకదాన్ని చూసి ఇంకొకదాన్ని చదవగలమా? ఆ నెలల్లోనే బిడ్డకు కిడ్నీలూ ఏర్పడతాయి, చెవులూ ఏర్పడతాయి.

వేలిముద్రల శాస్త్రం అంటూ ఒకటి నిజంగానే ఉంది. హెరాల్డ్ కమిన్స్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1926లో దానికి పేరు పెట్టాడు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల చేతి గీతల్లో కొన్ని తేడాలు ఎక్కువగా కనిపిస్తాయని ఆయనే చూపించాడు. అలాగే తెలివి ఒకటి కాదు, అనేక రకాలు అన్న హోవర్డ్ గార్డ్‌నర్ సిద్ధాంతం 1983లో వచ్చింది. దాని మీదే సైకాలజిస్టులకు బోలెడు అనుమానాలున్నాయి, అది వేరే సంగతి. ఈ రెంటినీ తెచ్చి అతికించి ‘పరీక్ష’ అన్నారు. వేలి మీద సుడి ఉన్న పిల్లలు ఫలానా సబ్జెక్టులో బాగా రాణించారని, ముందు చెప్పి తర్వాత సరిచూసిన పరిశోధన ఏదీ అని అడిగితే చూపించడానికి ఏమీ లేదు. డీఎంఐటీకి శాస్త్రీయ ఆధారం లేదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ కూడా ప్రకటించింది.

మీరు పంపిన పేజీల ఫొటోలు చూశాను. ‘ప్రోత్సాహం దొరికితే బాగా చదువుతాడు. విమర్శను త్వరగా మనసుకు తీసుకుంటాడు. ఇష్టమైన పని మీద గంటలు కూర్చోగలడు, ఇష్టం లేనిది వాయిదా వేస్తాడు.’ అమ్మా, ఇది ఏ పిల్లవాడి గురించి కాదు చెప్పండి? మా వీధిలో పిల్లలందరికీ సరిపోతుంది. బెర్ట్రమ్ ఫోరర్ అనే సైకాలజిస్టు 1948లో తన క్లాసులోని 39 మంది విద్యార్థులకు ఒక పరీక్ష పెట్టి, ఎవరి ఫలితం వాళ్ళకు విడిగా కాగితం మీద ఇచ్చాడు. మీ స్వభావాన్ని ఇది ఎంత సరిగ్గా చెప్పిందో అయిదుకు మార్కులు వెయ్యండి అన్నాడు. సగటున 4.26 వేశారు. తీరా చూస్తే అందరి కాగితాల్లోనూ ఉన్నది ఒకటే. ఆ వాక్యాలను ఆయన బజారులో అమ్మే జ్యోతిషం పుస్తకంలోంచి తీసుకున్నాడు. మీ రిపోర్టులో స్వభావం గురించిన పేజీలు ‘నిజమే సుమా’ అనిపించడం వల్లే, లెక్కలు రావన్న పేజీని కూడా బాబు నమ్మేశాడు. నాకు కోపం వచ్చేది అక్కడే.

మీరు చేయగలిగిన పని ఒకటుంది. ఆ స్కూల్లో ఇంకో నలుగురు తల్లులు కూడా డబ్బు కట్టి ఉంటారు. అయిదు రిపోర్టుల్లోనూ స్వభావం రాసిన పేజీలు జెరాక్స్ తీయించి, పేర్లు కత్తిరించేసి, కలిపేయండి. ఎవరి పిల్లవాడిది ఏదో కనిపెట్టమనండి. అయిదుగురిలో ఒక్కరు కనిపెడితే అది గుడ్డిగా తీసినా వచ్చేదే. స్కూలు వాళ్ళతో మాట్లాడేటప్పుడు ఈ కాగితాలు మీ చేతిలో ఉంటే మాటకు బలం ఉంటుంది.

ఇలాంటి పరీక్షే పెద్ద ఎత్తున మన దేశంలో జరిగింది. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్, మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దాభోల్కర్, మరికొందరు కలిసి 2008లో మహారాష్ట్రలో చేశారు. బాగా చదివే పిల్లలవి వంద, మానసిక వైకల్యం ఉన్న పిల్లలవి వంద జాతకాలు సేకరించారు. జాతకం చూసి పిల్లవాడు ఏ వర్గంవాడో చెప్పండి అని జ్యోతిష్కులను ఆహ్వానించారు. ఒక్కొక్కరికి 40 జాతకాలు. 27 మంది జవాబులు పంపారు. వాళ్ళు సరిగ్గా చెప్పింది సగటున నూటికి 46. బొమ్మా బొరుసూ వేసినా 50 వస్తుంది. ఆ ప్రయోగాన్ని నేను ఏటా క్లాసులో చెప్పేదాన్ని. ఎందుకంటే అందులో జ్యోతిష్కులకు గెలిచే అవకాశం పూర్తిగా ఇచ్చారు. నూటికి 70 వచ్చి ఉంటే నార్లీకర్ అంతటివాడూ ఒప్పుకోక తప్పేది కాదు. ఏమొస్తే మేం ఓడిపోయినట్టో ముందే చెప్పి, అందరి ఎదుట పరీక్షకు నిలబడితే దాన్ని శాస్త్రం అంటాను. డీఎంఐటీ అమ్మేవాళ్ళను ఆ ఒక్క ప్రశ్న అడిగి చూడండి: ‘ఏం జరిగితే మీ పరీక్ష తప్పని ఒప్పుకుంటారు?’

బాబు లెక్కల సంగతి వాళ్ళ లెక్కల టీచరును అడగండి. రోజూ వాడి నోట్‌బుక్ దిద్దేది ఆవిడే.

ప్రశ్న: కళ్ళకు గంతలు కట్టుకుని చదివే ‘మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్’ క్లాసులు మా ఊళ్ళో పెట్టారు. డెమోలో ఒక పాప కార్డు రంగు చెప్పేసింది. చేర్పించవచ్చా? – రాజమహేంద్రవరం నుంచి ఒక తాతయ్య

జవాబు: వద్దండి. మిడ్‌బ్రెయిన్ అంటే మెదడు మధ్య భాగం. అది నిద్రపోతూ ఉండదు. మీరు ఈ వాక్యం మీద చూపు కదపడంలో దాని పని ఉంది. గంతలు కట్టినా ముక్కు పక్కన సందు మిగులుతుంది, కిందికి చూస్తే కనిపిస్తుంది. ఈసారి డెమోలో కార్డును పాప కళ్ళకు ఎదురుగా, నుదుటి ఎత్తున పట్టుకోనివ్వమని అడగండి. లేదా ముక్కు పక్క సందు పూర్తిగా మూసుకునేలా, వెలుతురు చొరని ఈత కళ్ళద్దాలు పెట్టమనండి. నరేంద్ర నాయక్ లాంటి హేతువాదులు ఊరూరా ఇదే చేసి చూపించారు. ఇక్కడ నన్ను బాధపెట్టేది డబ్బు ఒక్కటే కాదు. సందులోంచి చూసి ‘కనిపించలేదు’ అని చెప్పడం ఆ పాపకు అలవాటవుతోంది. పెద్దవాళ్ళు చప్పట్లు కొడుతున్నారు.

ప్రశ్న: మేడమ్, నేను ఎమ్మే సైకాలజీ మొదటి సంవత్సరం. పారాసైకాలజీ, అంటే అతీంద్రియ శక్తుల మీద పరిశోధన, కుహనా శాస్త్రం అని మా సార్ ఒక్క మాటలో కొట్టిపారేశారు. కానీ మన ఆంధ్రా యూనివర్సిటీలో సైకాలజీ, పారాసైకాలజీ కలిపి ఒక డిపార్ట్‌మెంటే ఉంది కదా? అంత పెద్ద విశ్వవిద్యాలయం నకిలీ శాస్త్రానికి చోటిచ్చిందా? – విజయనగరం విద్యార్థిని

జవాబు: మీ సార్ చివరికి చేరిన చోటు సరైనదే, కానీ ఆ దారి ఒక్క మాటలో అయ్యేది కాదమ్మా.

ఆ డిపార్ట్‌మెంట్‌ను 1967లో స్థాపించినవారు కోనేరు రామకృష్ణారావు గారు. అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీలో, అతీంద్రియ శక్తి మీద ప్రయోగాలకు పేరుపొందిన జె.బి. రైన్ దగ్గర పనిచేసి వచ్చినవారు. తర్వాత ఆంధ్రా యూనివర్సిటీకే వైస్ చాన్సలర్ అయ్యారు, 2011లో పద్మశ్రీ అందుకున్నారు. గాలి కబుర్లు చెప్పే మనిషి కాదు. రైన్ పద్ధతి కూడా బాబాల మహిమల పద్ధతి కాదు. 25 కార్డుల కట్ట. వాటి మీద వృత్తం, ప్లస్, అలలు, చదరం, నక్షత్రం, ఒక్కోటి అయిదేసి కార్డులు. బోర్లించిన కార్డు ఏమిటో చెప్పాలి. ఊరికే అంచనా వేసినా సగటున 5 కలుస్తాయి. అంతకంటే బాగా ఎక్కువ, మళ్ళీ మళ్ళీ వస్తే దానికి కారణం వెతకాలి. ప్రయోగంగా చూస్తే ఇది చక్కనిది. ఏమొస్తే ఓటమో ఇందులో తెలుస్తుంది. అందుకే అతీంద్రియ శక్తి గురించి అడగడమే అశాస్త్రీయం అంటే నేను ఒప్పుకోను.

చిక్కు తర్వాత వచ్చింది. రైన్ 1934లో పెద్ద పెద్ద ఫలితాలు ప్రకటించాడు. మిగతావాళ్ళు చేసి చూస్తే రాలేదు. మొదట్లో వాడిన కొన్ని కార్డులకు వెనకనుంచే గుర్తు లీలగా కనిపించేదని తేలింది. కార్డులు కలపడం, రాసుకోవడం, అడ్డు పెట్టడం కట్టుదిట్టం చేసేకొద్దీ ఫలితాలు అయిదు దగ్గరికి దిగుతూ వచ్చాయి. దాని అర్థం ఏమిటో క్లాసులో ఎవరికైనా తెలుస్తుంది.

కానీ ఆ రంగంలో చాలామంది అలా అనుకోలేదు. 5 కంటే బాగా తక్కువ వస్తే అదీ అతీంద్రియ శక్తేనని, అది ఎదురు తిరిగి పనిచేసిందని అన్నారు. దానికి ‘సై-మిస్సింగ్’ అని పేరు కూడా పెట్టారు. నమ్మేవాళ్ళకు ఎక్కువ, నమ్మనివాళ్ళకు తక్కువ వస్తుందన్నారు. అనుమానంతో చూసే పరిశోధకుడు గదిలో ఉంటే శక్తి పనిచెయ్యదని కూడా కొందరు అన్నారు. విడివిడిగా చూస్తే ఇవన్నీ పరీక్షించదగ్గ ఊహలే. అన్నీ కలిపి చూడు. ఎక్కువ వచ్చినా రుజువే, తక్కువ వచ్చినా రుజువే, రాకపోతే పరీక్ష పెట్టినవాడి లోపం. ఇక ఓడిపోయే దారే మిగల్లేదు. మీ సార్ అన్న మాట అక్కడ నిజమవుతుంది.

అదే రంగంలో దీనికి పూర్తిగా భిన్నమైన ఘటన కూడా ఉంది. 1974లో రైన్ సంస్థకు డైరెక్టరుగా ఉన్న వాల్టర్ లెవీ, ఎలుకలు మనోబలంతో యంత్రాన్ని ప్రభావితం చేయగలవా అని ప్రయోగాలు చేసేవాడు. ఏ శక్తీ లేకపోతే ఫలితం సగానికి సగం రావాలి. యంత్రం దానంతట అది నమోదు చేసే ఫలితాలు, సగానికి కొంచెం పైన వచ్చేవి. ప్రయోగం నడుస్తుండగా ఆయన పరికరం దగ్గర ఊరికే తచ్చాడుతున్నాడని తోటివాళ్ళకు అనుమానం వచ్చింది. ఆయనకు తెలియకుండా ఇంకో వైరు లాగి రెండో నమోదు యంత్రం పెట్టారు. అందులో ఫలితం సగానికి సగమే. నిలదీస్తే లెవీ ఒప్పుకున్నాడు. తన వారసుడనుకున్న మనిషి చేసిన ఆ మోసాన్ని రైన్ దాచలేదు, తన పత్రికలోనే రాశాడు. ఆ రోజు వాళ్ళు చేసింది అచ్చమైన శాస్త్రం.

నేను ఎమ్మే చదివిందీ విశాఖపట్నంలోనే. ఆ కార్డులు ప్రాక్టికల్స్‌లో మా చేతుల్లోనూ పడ్డాయి. లెక్క కట్టడం, అవకాశం ఎంతో ముందే రాసుకోవడం, జవాబు తెలిసిన మనిషిని గదిలో ఉంచకపోవడం నేను నేర్చుకున్నది వాటితోనే. కాబట్టి ప్రశ్నను గౌరవించు. ఫలితం మాత్రం, తొంభై ఏళ్ళ తర్వాత కూడా ఎవరి లాబ్‌లోనైనా చేసి చూపించగల ఒక్క ప్రయోగం లేదు కాబట్టి, ఒప్పుకోవద్దు.

ప్రశ్న: సైకాలజీ ప్రయోగాలు మళ్ళీ చేస్తే సగానికి పైగా ఫలితాలు రాలేదని చదివాను. అలాంటప్పుడు మీ సైకాలజీకీ, మీరు కొట్టిపారేసే వాటికీ తేడా ఏముంది? – సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: మీరు చదివింది నిజమే బాబూ. మూడు పేరున్న సైకాలజీ పత్రికల్లో 2008లో అచ్చయిన పరిశోధనల్లోంచి వంద తీసుకుని మళ్ళీ చేశారు. మొదటిసారి 97 శాతం ‘ఫలితం వచ్చింది’ అన్నాయి. మళ్ళీ చేస్తే 36 శాతమే నిలబడ్డాయి. 2015లో దీన్ని ప్రకటించింది బయటివాళ్ళు కాదు. 270 మంది పరిశోధకులు కలిసి సొంత ఇంటిని సోదా చేసుకున్నారు. ఏ డీఎంఐటీ కంపెనీ అయినా తన పాత రిపోర్టులు వంద తీసి, ఆ పిల్లలు ఏమయ్యారో చూసి, తప్పులు అచ్చు వేసిందా?

ఈ సోదా మొదలవడానికి ఒక కారణం, పైన విజయనగరం అమ్మాయికి రాసిన విషయంతోనే ముడిపడి ఉంది. డారిల్ బెమ్ అనే పేరున్న సైకాలజిస్టు 2011లో, భవిష్యత్తు మన మనసుకు ముందే తెలుస్తుందంటూ తొమ్మిది ప్రయోగాలు ప్రచురించాడు. వెయ్యి మందికి పైగా పాల్గొన్నారు, ఎనిమిదింటిలో ఫలితం వచ్చింది. ఒక ప్రయోగంలో విద్యార్థులు కొన్ని పదాలు చూసి, గుర్తున్నవి రాశారు. రాయడం అయిపోయాక వాటిలో కొన్నింటిని కంప్యూటర్ ఎంచి వల్లె వేయించింది. తర్వాత వల్లె వేసిన పదాలే ముందు ఎక్కువ గుర్తొచ్చాయట. అంటే పరీక్ష అయ్యాక చదివినా మార్కులు పెరుగుతాయన్నమాట. ముగ్గురు బ్రిటిష్ పరిశోధకులు అదే పద్ధతిలో విడివిడిగా చేసి చూశారు, ఏమీ రాలేదు. పునఃపరిశోధనలు మేం వెయ్యం అని బెమ్ వ్యాసం అచ్చు వేసిన పత్రికే వీళ్ళది తిప్పి పంపింది. చాలామందికి కళ్ళు తెరుచుకున్నది అప్పుడే. బెమ్ వాడినవి అందరూ వాడే పద్ధతులే. ఆ పద్ధతులతో అసాధ్యమైనదీ రుజువైపోతుంటే, వాటిలోనే ఏదో వదులు ఉంది.

ఆ వదులు ఎక్కడుందో చెబుతాను. పదిరకాలుగా లెక్కలు కట్టి, కలిసొచ్చినది ఒక్కటే చూపించడం. ఫలితం వచ్చేదాకా మనుషులను చేర్చుకుంటూ పోయి, రాగానే ఆపడం. రాని ప్రయోగాలను సొరుగులో పెట్టేయడం. ఇవన్నీ మోసం చేస్తున్నామన్న ఆలోచన లేకుండానే మంచి పరిశోధకులు కూడా చేశారు. ఇప్పుడు చాలా చోట్ల, ఎంతమందిని తీసుకుంటాం, ఏ లెక్క కడతాం అన్నది ప్రయోగానికి ముందే తేదీతో నమోదు చేస్తున్నారు. ఫలితం రాకపోయినా అచ్చు వేస్తామని కొన్ని పత్రికలు ముందే మాటిస్తున్నాయి.

ధీమాగా రెండు నిమిషాలు నిలబడితే హార్మోన్లు మారతాయని మీ ఆఫీసు ట్రైనింగుల్లో చెప్పే ఉంటారు. అది 2010లో 42 మందితో చేసిన ప్రయోగం. 2015లో 200 మందితో చేస్తే హార్మోన్లలో మార్పు రాలేదు. మొదటి వ్యాసం రాసిన ముగ్గురిలో ముందు పేరున్న డేనా కార్నీ, ఆ ప్రభావం నిజమని ఇక తాను నమ్మడం లేదని 2016లో బహిరంగంగా రాసింది. పేరు తెచ్చిపెట్టిన పనిని అలా వదులుకోవడానికి ఎంత గుండె ధైర్యం కావాలో నాకు తెలుసు. మీరడిగిన తేడా అక్కడుంది.

ప్రశ్న: మా అబ్బాయికి తొమ్మిదేళ్ళు, ఆటిజం. మాట రాదు. ఈ మధ్య ఒక థెరపిస్టు గారు వాడి చెయ్యి కింద చెయ్యి పెట్టి, అక్షరాల బోర్డు మీద వేలు పెట్టిస్తున్నారు. మొన్న ‘నాన్నా నువ్వంటే నాకిష్టం’ అని వచ్చింది. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరం నిద్రపోలేదు. మా బావమరిది మాత్రం ఇది నమ్మొద్దు అంటున్నాడు. మీరేమంటారు? – కరీంనగర్ నుంచి ఒక తండ్రి

జవాబు: అయ్యా, ఈ నెల ఉత్తరాల్లో జవాబు రాయడానికి నాకు చెయ్యి రానిది మీ ఉత్తరానికే. ఆ మాట మీ బాబు రాసింది కాకపోయే అవకాశమే ఎక్కువ. బాబుకు మీరంటే ఇష్టం లేదని నేను అనడం లేదు. అది వాడి చూపులో, మీ ఒళ్ళో ఒదిగి కూర్చోవడంలో మీకు ఇదివరకే తెలిసి ఉంటుంది.

ఈ పద్ధతికి ఫెసిలిటేటెడ్ కమ్యూనికేషన్ అని పేరు. 1970ల చివర్లో ఆస్ట్రేలియాలో మొదలై, 1990 ప్రాంతంలో అమెరికా అంతా పాకింది. మాటరాని పిల్లలు కవితలు రాస్తున్నారన్నారు. మీలాగే వేలమంది తల్లిదండ్రులు ఏడ్చారు. 1993లో న్యూయార్క్ రాష్ట్రంలో ఓ.డి. హెక్ కేంద్రంలో 12 మందితో ఒక పరీక్ష చేశారు. మధ్యలో అడ్డు పెట్టి, రాసే మనిషికి ఒక బొమ్మ, చెయ్యి పట్టుకున్న సహాయకురాలికి ఇంకో బొమ్మ చూపించారు. ఏం చూశావో రాయమన్నారు. బొమ్మలు వేరైనప్పుడు ఒక్కసారి కూడా రాసే మనిషి చూసిన బొమ్మ పేరు పడలేదు. సరైన పేరు పడిందంటే అది సహాయకురాలు చూసిన బొమ్మదే.

ఆ సహాయకులు మోసగాళ్ళు కారు. తమ చెయ్యే కదుపుతోందని వాళ్ళకు తెలియదు. నిజం తెలిసి కుంగిపోయినవాళ్ళున్నారు. మీ థెరపిస్టు గారు కూడా మంచి మనసుతోనే చేస్తుండవచ్చు. కానీ ఈ బోర్డుల మీద వచ్చిన మాటలతోనే అమెరికాలో కొందరు తండ్రుల మీద, పిల్లలను లైంగికంగా వేధించారన్న కేసులు పడ్డాయి, పిల్లలను ఇళ్ళ నుంచి తీసుకుపోయారు. 1994లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్, ఈ పద్ధతికి శాస్త్రీయ ఆధారం లేదని తీర్మానం చేసింది.

నా మాట మీదో, మీ బావమరిది మాట మీదో ఆగిపోనక్కర్లేదు. ఆవిడ వేరే గదిలో ఉండగా బాబుకు బాగా తెలిసిన వస్తువు ఒకటి చూపించండి. దువ్వెన, అరటిపండు, తాళంచెవి, ఏదైనా సరే. దాన్ని దాచేసి, ఆవిడను పిలిచి, ఏం చూశావని బోర్డు మీద అడగమనండి. వేర్వేరు వస్తువులతో, బాబు హుషారుగా ఉన్నప్పుడు కొన్నిసార్లు చెయ్యండి. ‘పరీక్ష పెడితే వాడు నొచ్చుకుంటాడు, అందుకే రాయడం లేదు’ అని సమాధానం వస్తే, అది పిల్లవాడి సమాధానం కాదని గుర్తుపెట్టుకోండి. నొచ్చుకునే పిల్లవాడు ‘నాన్నా ఇష్టం’ అని రాసినప్పుడు ఎందుకు నొచ్చుకోలేదు?

మీకు కావలసిన సాయం వేరే చోట ఉంది. బొమ్మల కార్డులు, మాట పలికే టాబ్లెట్ యాప్‌లు వంటివాటితో, ఎవరూ చెయ్యి పట్టుకోకుండా పిల్లవాడే ఎంచుకునే పద్ధతులున్నాయి. నెమ్మదిగా సాగుతాయి. మొదట వచ్చేది ‘నీళ్ళు’, ‘వద్దు’, ‘ఇంకా’ లాంటి మాటలే. అవి మాత్రం పూర్తిగా వాడివి. మీ జిల్లా ఆసుపత్రిలో సత్వర చికిత్సా కేంద్రం ఉందేమో కనుక్కోండి. సికింద్రాబాద్ బోయినపల్లిలో, మనోవికాస్ నగర్‌లో ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి. అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, అక్కడ ఒకసారి పూర్తి పరీక్ష చేయించండి. ఏ స్పీచ్ థెరపిస్టు దగ్గరికి వెళ్ళినా రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు.

వెళ్ళే ముందు కొన్నాళ్ళు ఒక నోట్‌బుక్ పెట్టండి. బాబు తనంతట తాను దేన్ని చూపించాడు, ఎవరి చెయ్యి పట్టుకుని ఎక్కడికి లాక్కెళ్ళాడు, ఏది ఇస్తే తోసేశాడు, తేదీ వేసి రాయండి. స్పీచ్ థెరపిస్టు మొదటి రోజు మిమ్మల్ని అడిగేవి ఇవే.